తీగలేని వల

పాఠ్యభాగ ఉద్దేశం: వేలమంది పనిచేసే చోట తీగల అవసరం లేకుండా కంప్యూటర్లు, ఫోన్లు అంతర్జాలాన్ని అందుకోవడం నేడు అతిసామాన్యమైన విషయం. దాని వెనుక ఉన్న యోచననూ, నిర్వహణనూ, కాపలానూ పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పసిఫిక్ మహాసముద్రం నడుమ విసిరివేసినట్లు ఉండే దీవుల సముదాయం హవాయి. ఒక దీవిలోని విద్యాలయం వారు మరొక దీవిలోని కంప్యూటరును వాడుకోవాలంటే నడుమ సముద్రం అడ్డు. హవాయి విశ్వవిద్యాలయ ఆచార్యుడైన నార్మన్ ఆబ్రామ్‌సన్, ఆయన సహచరులు తీగలను విడిచిపెట్టి రేడియో తరంగాలను ఆశ్రయించారు. 1971లో పనిచేయనారంభించిన ఆ వ్యవస్థకు ‘అలోహానెట్’ అని పేరు. అలోహా అనేది ఆ దీవులవారి పలకరింపు.

ఆ వ్యవస్థలోని నియమం చిత్రమైనది. చెప్పవలసిన మాట ఉన్న కంప్యూటరు ఎవరి అనుమతీ కోరక వెంటనే చెప్పివేస్తుంది. అదే క్షణంలో మరొకటి మాట్లాడితే రెండు మాటలూ ఢీకొని చెడిపోతాయి. అందినట్లు కబురు రాకపోతే కొంతసేపు ఆగి మళ్ళీ చెప్పాలి. అందరూ సమానంగా ఆగితే మళ్ళీ ఢీకొనడం తప్పదు కనుక ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వారు యాదృచ్ఛికంగా నిర్ణయించుకుంటారు. ఈ పద్ధతిలో కాలం ఎంత మేరకు సద్వినియోగమవుతుందో గణించి చూస్తే, అత్యధికంగా 18 శాతమే అని తేలింది. తక్కిన కాలమంతా ఢీకొనడంలోనో, ఎదురుచూడడంలోనో గడిచిపోతుంది.

శబ్దం ఆకాశానికి గుణమని మన తార్కికులు చెప్పారు. రేడియో తరంగం శబ్దం కాదు. అయినా ఒక పోలిక నిలుస్తుంది. తీగ ఎవరిది వారికి ఉండవచ్చు గాని ఆకాశం అందరికీ ఒక్కటే. సంతలో అందరూ ఒక్కసారిగా కేకలు వేస్తే బేరం సాగదు. నేటి వైఫై యంత్రాలు అలోహా నియమానికి ఒక మర్యాదను చేర్చుకున్నాయి. మాట్లాడే ముందు అవి చెవి ఒగ్గి వింటాయి; ఎవరూ మాట్లాడడం లేదని నిశ్చయించుకొని, మరికొంత ఆగి, అప్పుడు నోరు తెరుస్తాయి. ఎంత మర్యాద పాటించినా ఒక చానలులో ఒక సమయంలో సాధారణంగా ఒక్కరికే అవకాశం. పెద్ద కార్యాలయాలలో తలెత్తే చిక్కులలో అధికభాగానికి మూలం ఇక్కడే ఉన్నది.

1985లో అమెరికా ప్రభుత్వం కొన్ని రేడియో పట్టీలను ప్రత్యేక లైసెన్సు లేకుండానే ఇటువంటి ప్రసారాలకు వాడుకోవచ్చునని ప్రకటించింది. 1997లో తొలి ప్రమాణం వెలువడింది. దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11 మెగాబిట్లకు పెరిగింది, వైఫై అనే పేరూ ఆ సంవత్సరమే వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీకి లైసెన్సు అవసరాన్ని 2005లో తొలగించారు.

ప్రమాణాలు రాకముందే ఒక విశాలమైన ప్రాంగణాన్ని ఈ వలతో కప్పడానికి పూనుకున్నవారు అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఉన్నారు. అక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆలెక్స్ హిల్స్ నాయకత్వాన 1993లో ‘వైర్‌లెస్ ఆండ్రూ’ అనే ప్రయత్నం మొదలైంది. పరిశోధన కోసం ఆరంభించిన దానిని క్రమంగా ప్రాంగణమంతటికీ విస్తరింపజేశారు. పెద్ద భవనాలలో ఈ పని ఎంత క్లిష్టమో వారికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది.

యాక్సెస్ పాయింటు అనే చిన్న పెట్టె చుట్టూ కొంత మేర తరంగాలు వ్యాపిస్తాయి. కాగితం మీద ఆ మేరను వృత్తంగా గీయవచ్చు. భవనంలో అది వృత్తంగా ఉండదు. కాంక్రీటు గోడ తరంగాన్ని క్షీణింపజేస్తుంది, లోహపు బీరువా తిప్పికొడుతుంది, నీరు పీల్చుకొంటుంది. మనిషి దేహంలో అధికభాగం నీరే కనుక, ఖాళీ సభామందిరంలో చక్కగా పనిచేసిన ఏర్పాటు జనం నిండాక నీరసించిపోతుంది. అందుచేత పెట్టెను తాత్కాలికంగా ఒకచోట నిలిపి, కొలిచే పరికరంతో గదిగదికీ, మెట్టుమెట్టుకూ తిరిగి చూడవలసినదే. ఈ నడక శ్రమతో కూడినది. దీనిని తప్పించుకొన్న సంస్థ తరువాత ఫిర్యాదుల రూపంలో ఆ మూల్యం చెల్లిస్తుంది.

అంతకంటె కఠినమైనది చానళ్ళ పంపిణీ. 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోదగిన చానళ్ళు మూడే: 1, 6, 11. పక్కపక్కన ఉన్న పెట్టెలకు ఒకే చానలు ఇస్తే ఒకరి మాటకు మరొకరు ఆగవలసి వస్తుంది. ఇది దేశపటానికి రంగులు వేయడం వంటి సమస్య. ఏ పటానికైనా ఇరుగుపొరుగు దేశాలకు ఒకే రంగు రాకుండా నాలుగు రంగులు చాలునని గణితవేత్తలు 1976లో రుజువు చేశారు. పాపం, రేడియో నిపుణుని చేతిలో ఉన్నవి మూడే రంగులు! పైగా అతని పటం కాగితం వలె చదునైనది కాదు. కింది అంతస్తులోని పెట్టె పై అంతస్తుకూ వినిపిస్తుంది. 5 గిగాహెర్ట్‌జ్ పట్టీ వాడుకలోకి వచ్చిన తరువాత రంగులు పెరిగి ఈ బాధ చాలవరకు ఉపశమించింది.

పెట్టె బలం పెంచితే దూరం పెరుగుతుంది గదా అని తోచడం సహజం. అది పొరపాటు. గోపురం మీద నిలిచినవాడు మైకులో పిలిస్తే ఊరంతా వింటుంది. కింద నిలిచినవాడి జవాబు పైకి వినిపించదు. చేతిలోని ఫోను గొంతు చిన్నది. పెట్టె పిలుపు వినబడుతున్నంతకాలం ఆ ఫోను దూరపు పెట్టెనే పట్టుకొని వేలాడుతుంది. పక్కనే వేరొక పెట్టె ఉన్నా దానివైపు చూడదు. దూరాన ఉన్న కొలదీ దాని వేగం తగ్గుతుంది. అది నత్తనడకన మాట్లాడుతున్నంతసేపూ తక్కినవారు ఆగవలసినదే. ఒక్క ఫోను దూరం అందరికీ భారమౌతుంది. కనుక పెద్ద కార్యాలయాలలో బలం తగ్గించిన పెట్టెలను ఎక్కువ సంఖ్యలో అమర్చడం మంచి పద్ధతి.

ఇక పేర్ల విషయం. ఉద్యోగులకు ఒకటి, అతిథులకు ఒకటి, ముద్రణయంత్రాలకు ఒకటి అని వైఫై పేర్లు పెంచుకుంటూ పోవడం కొందరి అలవాటు. ప్రతి పేరునూ ప్రతి పెట్టె సెకనుకు దాదాపు పదిసార్లు చాటుతూ ఉంటుంది. దండోరాకే ఆకాశం చాలకపోతే కబుర్లకు చోటెక్కడిది? మూడు నాలుగు పేర్లతో సరిపెట్టుకొనే నిర్వాహకుడు తెలివైనవాడు.

మరొక విశేషం గమనించాలి. తీగలేని ఈ వలకు తీగలు చాలా అవసరం. ప్రతి పెట్టె వెనుకా కప్పులోనుండి దిగే తీగ ఒకటి ఉంటుంది. 2003లో వెలువడిన ప్రమాణం వలన సమాచారంతోపాటు విద్యుత్తు కూడా అదే తీగలో ప్రవహించే సౌకర్యం కలిగి, కప్పు కప్పుకూ వేరే విద్యుత్ ప్లగ్గు పెట్టే శ్రమ తప్పింది. తొలిరోజులలో ప్రతి పెట్టెనూ విడివిడిగా సరిదిద్దేవారు. వందల పెట్టెలు వచ్చాక అది అసాధ్యమై, అన్నింటినీ ఒక్కచోటనుండి నడిపే కంట్రోలర్లు వచ్చాయి.

రక్షణ విషయానికి వస్తే చరిత్ర అంత శ్లాఘనీయం కాదు. తీగ గోడల మధ్యనే ఉంటుంది. తరంగం వీధిలోకి పోతుంది. ఇది తెలిసియే తొలి ప్రమాణంలో వెప్ అనే గూఢలిపి పద్ధతిని చేర్చారు. ప్రతి సందేశానికీ రహస్యపు తాళంతోపాటు ఒక ఆరంభ సంఖ్యను జోడించేవారు. ఆ సంఖ్యకు 24 బిట్లే కేటాయించడం వలన మొత్తం సంఖ్యలు 1,67,77,216 మాత్రమే. రద్దీగా ఉండే కార్యాలయంలో అవి త్వరలోనే తిరిగి వస్తాయి. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీని అంతర్గత లోపాన్ని వివరించారు. చాలినన్ని సందేశాలు విని పోగుచేసుకొన్నవాడు తాళాన్నే కనిపెట్టవచ్చునని రుజువైంది. 2003లో డబ్ల్యు.పి.ఏ., 2004లో డబ్ల్యు.పి.ఏ.2 అనే మెరుగైన పద్ధతులు వచ్చాయి.

వచ్చినంత మాత్రాన అందరూ మారలేదు. అమెరికాలో దుకాణాల గొలుసు నడిపే టి.జె.ఎక్స్. సంస్థ 2005లోనూ వెప్‌నే వాడుతున్నది. ఆ సంవత్సరం దొంగలు దుకాణం బయటినుండే దాని వైఫైలోకి చొరబడి, అక్కడినుండి సంస్థ ప్రధాన కంప్యూటర్లకు చేరారు. ఏడాదిన్నర వరకు ఎవరికీ తెలియలేదు. 2007లో విషయం బయటపడేసరికి 4 కోట్ల 57 లక్షల బ్యాంకు కార్డుల సంఖ్యలు దొంగల పాలైనట్లు సంస్థే ప్రకటించింది. పద్ధతి మార్చాలని ఆ సంస్థకు తెలియకపోలేదు. మార్పు మొదలుపెట్టింది గాని వేళకు పూర్తిచేయలేదు. ముఠా నాయకునికి 2010లో 20 ఏండ్ల కారాగారశిక్ష పడింది. కార్డులు మార్చుకొనడానికి బ్యాంకుల చుట్టూ తిరిగినవారు మాత్రం ఏ తప్పూ చేయని కొనుగోలుదారులు.

మన దేశంలోనూ 2008 జులైలో అహ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీముంబయిలో రక్షణ లేని ఒక ఇంటి వైఫైగుండా వెళ్ళినట్లు దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ వైఫైకి రక్షణ తప్పనిసరి అని ఆదేశించింది.

పెద్ద సంస్థకు గట్టి తాళం ఒక్కటే చాలదు. వేయిమందికి ఒకే సంకేతపదం ఉంటే అది గోడ మీద అంటించిన కాగితంతో సమానం. ఒక ఉద్యోగి మానివేసినప్పుడు ఆ పదాన్ని మార్చాలి. మారిస్తే తక్కిన 999 మందీ మార్చుకోవాలి. అందుచేత ఎవరూ మార్చరు! దీనికి విరుగుడుగా ఎవరి పేరు, ఎవరి సంకేతపదం వారికే ఇచ్చి, కేంద్రస్థానంలోని సర్వరుతో సరిచూసే పద్ధతి ఏర్పడింది. వెళ్ళినవారి పేరు కొట్టివేస్తే సరిపోతుంది. విశ్వవిద్యాలయాల మధ్య నడిచే ‘ఎడ్యూరోమ్’ ఈ సూత్రం మీద ఆధారపడినదే. ఒక విద్యార్థి పరాయి దేశపు విశ్వవిద్యాలయంలో కూర్చుని తన పేరు ఇచ్చినా, సంకేతపదాన్ని పరీక్షించేది అతని సొంత విద్యాసంస్థ. మన దేశంలో ఆ సేవను ఎర్నెట్ ఇండియా నిర్వహిస్తున్నది.

అయినా మోసానికి తావు ఉన్నది. కార్యాలయపు వైఫై పేరే పెట్టుకొన్న నకిలీ పెట్టెను ఎవడైనా బయట నిలుపవచ్చు. పేరు చూసి ఫోను మోసపోతుంది. ఎదుటి సర్వరు ఇచ్చే ధ్రువపత్రాన్ని పరిశీలించేలా ఫోనును అమరిస్తేనే ఈ మారువేషం బయటపడుతుంది. శత్రువు బయటనే ఉండాలని కూడా లేదు. తన బల్ల దగ్గర సిగ్నలు సరిగా లేదని బజారులో కొన్న పెట్టెను కార్యాలయపు తీగకు తగిలించే ఉద్యోగి దురుద్దేశం లేకుండానే కోటగోడకు కన్నం వేస్తున్నాడు. అతని మీద కోపగించే ముందు నిర్వాహకుడు ఆ బల్ల దగ్గర సిగ్నలు కొలిచి చూడడం న్యాయం.

2017లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ డబ్ల్యు.పి.ఏ.2లోనూ ఒక లోపాన్ని వెల్లడించాడు. దాన్ని సరిదిద్దే సవరణలు వచ్చాయి, 2018లో డబ్ల్యు.పి.ఏ.3 ప్రకటితమైంది. ఫోన్లు, కంప్యూటర్లు ఆ సవరణలను స్వీకరించాయి. ఏనాడో గోడకు బిగించిన కెమేరాలు, మూలనున్న ముద్రణయంత్రాలు మాత్రం వాటిని స్వీకరించే దారి లేక పాత పద్ధతిలోనే పలుకుతూ ఉంటాయి. వాటిని వేరొక వలలో ఉంచి, ముఖ్యమైన కంప్యూటర్లతో మాట్లాడనీయకుండా కట్టడి చేస్తారు.

కఠిన పదాలు – అర్థాలు
యాదృచ్ఛికంగా = ముందు నిర్ణయం లేకుండా
క్షీణింపజేయు = బలహీనపరచు
ఉపశమించు = తగ్గు, శాంతించు
శ్లాఘనీయం = మెచ్చుకోదగినది
గూఢలిపి = ఇతరులకు తెలియని రహస్యపు రాత

ప్రశ్నలు
1. ‘తీగలేని ఈ వలకు తీగలు చాలా అవసరం’ – సందర్భసహితంగా వివరించండి.
2. చానళ్ళ పంపిణీని దేశపటానికి రంగులు వేయడంతో ఎందుకు పోల్చారు?
3. టి.జె.ఎక్స్. ఉదంతంలో జరిగిన పొరపాటు ఎట్టిది? మీ మాటల్లో రాయండి.