సున్న చుట్టడం

తెలుగు లిపికి వంపులే అందం. కంప్యూటరుపై ఆ వంపులను గీయడానికి ‘పెన్ టూల్’ అనే సాధనం తోడ్పడుతుంది. దీనితో గీసిన రేఖ గణిత సూత్రంగా నిలిచి ఉంటుంది. అందుచేత అక్షరాన్ని ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

ఈ సూత్రం కార్ల తయారీలో పుట్టింది. ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్‌జో 1959లోను, రెనో సంస్థలో పియెర్ బెజియే 1960వ దశకంలోను కారు ఒంపులను గణితంలో బంధించారు. 1987లో వెలువడిన అడోబ్ ఇలస్ట్రేటర్ ఆ వక్రరేఖలను చిత్రకారుల చేతికి అందించింది.

మౌస్ నొక్కి వదిలితే ఒక బిందువు ఏర్పడుతుంది. నొక్కి లాగితే దానికి ఇరువైపులా పిడులు వెలువడతాయి. పిడుల దిశ, పొడవు కలిసి వంపును తీర్చుతాయి. కొత్తగా నేర్చుకొనేవారు సున్న చుట్టబోయి అడుగడుగునా బిందువులు పెడతారు. ప్రతి బిందువూ ఒక అతుకే కనుక రేఖ గతుకులు పడుతుంది. నిజానికి పైన, కింద, కుడి, ఎడమలలో నాలుగు బిందువులు చాలు. పిడి పొడవు వ్యాసార్ధంలో సుమారు 55 శాతం ఉంటే సున్న చక్కగా కుదురుతుంది.

ఫాంటులోని ఒక్క గతుకు అచ్చయిన ప్రతి పుటలోను కనిపిస్తుంది. కనుక అనవసరమైన బిందువును తొలగించడం కూడా ఈ విద్యలో భాగమే.

ప్రశ్న: బిందువులు పెరిగినకొద్దీ రేఖ నునుపు తగ్గడానికి కారణమేమి?