చేపలతొట్టిలోని నీటి గుణము

రావులపాలెమున గౌతమి నీరు, కాలువ నీరు, నూతి నీరు మూడును మన కంటికి ఒక్కతీరుగనే కనబడును. చేపకు మాత్రము అవి ఒక్కటి కావు. మన నాలుకకు తెలియని ఆమ్లక్షారభేదమును చేప ఒడలెల్ల నెఱుగును. ఈ భేదమును కొలుచుటకై డెన్మార్కు దేశమందలి సోరెన్‌సెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1909వ సంవత్సరమున పీహెచ్ అను మానమును కల్పించెను. అందు 7 తటస్థము. దిగువ ఆమ్లము, ఎగువ క్షారము. ఒక్క అంకె మాఱిన పదిరెట్లు మాఱినట్లు.

బొచ్చె, శీలావతి మొదలగు మన చేపలకు 6.5 మొదలు 8.5 వఱకు హితము. అయితే ఆ అంకె దినమంతయు ఒకచోట నిలువదు. రాత్రివేళ చేపలును నీటిమొక్కలును విడుచు బొగ్గుపులుసుగాలి నీట కరగి ఆమ్లమగుటచే తెల్లవాఱునప్పటికి అంకె దిగును. పగలు మొక్కలు ఆ గాలిని గ్రహింపగా మరల నెక్కును.

మిత్రులారా, ఇది తెలియక నేను చేసిన పని చెప్పెదను. ఒకనాటి యుదయమున మా గాజుతొట్టి నీరు 6.6 చూపగా, పులిసినదని భయపడి సున్నపుతేట పోసితిని. ఎండయు సున్నమును కూడి మధ్యాహ్నము మూడుగంటలకు 9 దాటెను. చేపపిల్లలు పైకి వచ్చి నోళ్లు తెఱచినవి; చీకటిపడకమునుపే నాలుగు చచ్చినవి. వానిని చంపినది సున్నమొక్కటియే కాదు. విసర్జనములనుండియు మిగిలిన మేతనుండియు పుట్టు అమ్మోనియాలో, పీహెచ్ 7 వద్ద నూటికొక పాలైనను విషరూపమున నుండదు. 9 వద్ద ముప్పదిపాళ్లకు మించును. అమ్మోనియా పెరుగలేదు, దాని రూపము మాఱినది!

నీటికి నిలుకడ నిచ్చునవి అందు కరగియున్న కార్బనేటులు. అమ్మోనియాను నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవులు వానిని క్రమముగా వ్యయపఱచును. కనుకనే పాతనీరు పులియును. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చుట, మేత తగ్గించుట మేలు. కొళాయినీటియందు క్లోరిను ఉన్నచో విప్పారిన పాత్రలో ఒకదినముంచి పోయవలెను. చితుకగొట్టిన గుల్లలను గుడ్డలో మూటగట్టి వేసిన, నీరు పులిసినకొలది మెల్లగా కరగును. చెరువులలో రైతులు సున్నము చల్లుదురు గదా యందురేమో. అచటి నీటిరాశియు అడుగుమన్నును మన తొట్టికి లేవు.

తెల్లవాఱుజామున ఒకసారి, మధ్యాహ్నము మూడుగంటలకు ఒకసారి కొలిచి, రెండంకెలను పుస్తకమున వ్రాయుడు. భేదము ఒక అంకెను మించినచో కార్బనేటు చాలలేదని తలచి, గుల్లలమూట వేసి వారముదినములు వేచి చూడుడు. సున్నపుతేట జోలికి పోకుడు.