అదృశ్య కిరణాలు – అప్రమత్తత

కృష్ణా జలాలు ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలలో మితంగా ప్రవహించినంతకాలం డెల్టా పైరులకు ప్రాణాధారం. గట్లు తెంచుకొన్ననాడు అవే ఊళ్లను ముంచివేస్తాయి. వైద్యరంగంలో ఎక్స్ కిరణాల స్వభావమూ ఇటువంటిదే.

1895లో జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాంట్‌జన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనను వరించింది. కత్తి తాకకుండానే దేహాంతర్భాగాలను చూపగల ఆ కిరణాలను లోకం అద్భుతంగా భావించింది. వాటి చాటున పొంచి ఉన్న అపాయం త్వరలోనే బయటపడింది. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్ కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులకు పుండ్లు పడి, అవి క్యాన్సరుగా పరిణమించాయి. చేతులు తొలగించినా ఫలితం లేక అతడు 1904లో మరణించాడు.

ఈ కిరణాల సాయంతో వ్యాధిని గుర్తించే విద్య రేడియాలజీ. అందులో ప్రఖ్యాతి గడించిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో జన్మించారు. అమెరికాలో పనిచేసి, స్వదేశానికి తిరిగివచ్చి, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. 2021లో దివంగతులయ్యారు. నేడు ఆ విద్యాఫలం విజయవాడ సూర్యారావుపేటలోని రోగనిర్ధారణ కేంద్రాలలో సామాన్యునికి సైతం అందుతున్నది.

ఎక్స్ కిరణాలు జీవకణంలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీయగలవు. కణం ఆ గాయాన్ని చాలావరకు తానే సరిదిద్దుకొంటుంది. సరిదిద్దుకోలేని లోపం ఏళ్లు గడచిన పిదప క్యాన్సరుకు దారితీయవచ్చు. ప్రకృతి నుండి మనిషికి ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల వికిరణం సోకుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో సోకేది సుమారు 0.1 మిల్లీసీవర్టు మాత్రమే. ఉదరానికి తీసే సి.టి. స్కాన్‌లో అది 8 నుండి 10 వరకు ఉండవచ్చు. అనగా ప్రకృతి మూడు నాలుగేళ్లలో ఇచ్చేదానిని ఆ యంత్రం క్షణాలలో ఇస్తుంది. ఒక్క పరీక్ష వల్ల కలిగే ముప్పు స్వల్పమే. పరీక్షలు పెరిగినకొద్దీ ముప్పు పెరుగుతుంది. పసిపిల్లల దేహాలు ఈ కిరణాలకు మరింత సులభంగా లోనవుతాయి.

దివిసీమ నుండి విజయవాడకు వచ్చిన ఒక రైతును ఊహించుకొందాం. మొదటి ఆసుపత్రిలో తీసిన స్కాన్‌ను ఆయన ఇంటివద్ద మరచివచ్చాడు. రెండవ ఆసుపత్రిలో అదే పరీక్ష మళ్లీ చేశారు. ధనమూ వృథా, దేహానికి అనవసర భారమూ కలిగాయి. 2021లో కోవిడ్ విజృంభించినప్పుడు స్వల్ప లక్షణాలున్నవారు సైతం సి.టి. స్కాన్‌లకు పరుగులు తీయగా, అది తగదని ఢిల్లీ ఎయిమ్స్ నాటి సంచాలకులు డాక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు.

అయితే భయంతో అవసరమైన పరీక్షను మానుకోవడం అంతకన్న పెద్ద ప్రమాదం. తలకు గాయమైనవానికి సి.టి. స్కాన్ ప్రాణదాత. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఎక్స్ కిరణాలు ఉండవు. అవి సరిపోతాయేమో వైద్యుని అడగవచ్చు. పాత ఫిల్ములను భద్రపరచి వెంట తీసుకువెళ్లాలి. గర్భవతులు ఆ సంగతి ముందే తెలపాలి. మన దేశంలో ఎక్స్‌రే యంత్రాల భద్రతను 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది. కాని, “ఈ పరీక్ష నాకు అవసరమా?” అని వినయంగా అడుగగల రోగి వివేకమే అతనికి తొలి రక్ష.

అర్థాలు
వికిరణం = కిరణాల రూపంలో వ్యాపించే శక్తి
ఉదరం = పొట్ట
పరిణమించు = మారు

ప్రశ్నలు
1. ఎక్స్ కిరణాలను కృష్ణా జలాలతో పోల్చడంలోని ఔచిత్యమేమి?
2. పాత ఫిల్ములను ఎందుకు భద్రపరచాలి?