పెంగ్వినుల పూర్వపు భోజనము

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో దక్షిణ ధ్రువ ఖండమును గూర్చి పాఠము చెప్పుచు, అచ్చటి పెంగ్విను పక్షులు క్రిల్లును దిని జీవించునని చెప్పితిని. క్రిల్లు అనగా రొయ్యను బోలిన చిన్న సముద్రజీవి. బాగుగా ఎదిగినది మన చిటికెన వ్రేలంత యుండును. అప్పుడు వెనుక బల్లమీది విద్యార్థి యొకడు లేచి, “అయ్యా, వేయి సంవత్సరముల క్రిందటను అవి దీనినే తినెడివా? చూచినవారెవరు?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును తొందరపడి, “పక్షి యాహారము మాఱునా? అప్పుడును అదియే” అంటిని. ఆ యుత్తరము తప్పు. దానిని దిద్దుకొనుటకే యిది వ్రాయుచున్నాను. ప్రశ్న నడిగిన బాలుడు తప్పక చదువునని నమ్ముచున్నాను.

మనకు గావలసిన పక్షి అడెలీ పెంగ్విను. 1840లో డ్యుమో డ్యుర్విల్ అను ఫ్రెంచి నావికుడు ఆ ఖండపు తీరభాగమొకటి కనుగొని, తన భార్య పేరిట దానికి అడెలీ భూమియని పేరు పెట్టెను. ఆ పేరే పక్షికిని వచ్చినది. ఈ పక్షికి గడ్డి లేదు, పుల్ల లేదు. గులకరాళ్లు పోగుచేసి గూడు కట్టి, సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. మంచు లేని నేల అచ్చట అరుదు గనుక ఒకే చోటికి తరతరములు వచ్చుచుండును. పగిలిన గ్రుడ్ల పెంకులు, చచ్చిన పిల్లల యెముకలు, ఈకలు, రెట్ట, అన్నియు రాళ్ల సందులలో పొరలు పొరలుగా పేరుకొనును. మన దేశములోనైనచో రెండు వానకాలములలో కుళ్లి మట్టియగును. అచ్చటి చలియు, పొడిగాలియు వానిని కాపాడును.

ఎంతగా కాపాడునో యొక సంగతి వినుడు. 2016 జనవరిలో స్టీవెన్ ఎమ్స్‌లీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ సముద్రతీరమునగల ఇరిజార్ అగ్రమునకు బోయెను. మంచు కరగి క్రొత్తగా బయటపడిన నేలపై ఈకలతో గూడిన పెంగ్విను పిల్లల కళేబరములు కనబడెను. చూచుటకు ఇటీవల చచ్చినట్లే యుండెను. అయినను 20వ శతాబ్దారంభమున ఆ ప్రాంతమునకు వచ్చిన అన్వేషకులు మొదలు ఎవరును అచ్చట పెంగ్వినులు గూళ్లు కట్టినట్లు వ్రాసియుండలేదు. పరీక్షింపగా, ఆ పక్షులు అచ్చోటు విడిచి సుమారు 800 సంవత్సరములైనదనియు, మొదట వచ్చినది సుమారు 5,000 సంవత్సరముల క్రిందటననియు తేలినది.

వయస్సు కట్టుటకు రేడియో కర్బనమును కొలుతురు. ప్రాణమున్నంత కాలము ఆహారముతో లోనికి వచ్చుచుండు ఈ కర్బనము, ప్రాణము పోయినపిదప క్రమముగా తగ్గి 5,730 సంవత్సరములకు సగమగును. ఇందొక చిక్కు గలదు. దక్షిణ సముద్రమున లోతునుండి మిక్కిలి పాత నీరు పైకి వచ్చుచుండుటచే, నిన్న చచ్చిన పెంగ్వినుకు సైతము ఈ లెక్క దాదాపు వేయేండ్ల వయస్సు చూపును! కావున ఆ హెచ్చును తీసివేసి లెక్కింపవలెను.

ఇక భోజనము సంగతి. శాస్త్రజ్ఞులు పాత గూళ్ల మట్టిని పొరపొరగా త్రవ్వి, నీట కడిగి, సన్నని జల్లెళ్లతో జల్లింతురు. జల్లెడలో చేపల చెవిరాళ్లు మిగులును. చేప తలలో, చెవి లోపల, సున్నపు పదార్థముతో నైన చిన్న రాళ్లుండును. మీ యింట వండిన చేప తలలోను ఓపికతో వెదకినచో దొరకును. వాని ఆకారమును బట్టి చేప జాతిని, పరిమాణమును బట్టి చేప పొడవును చెప్పవచ్చును. అడెలీ పెంగ్వినుల పాత గూళ్లలో వెండిచేప యనబడు అచ్చటి చిన్న చేప చెవిరాళ్లు దొరకుచున్నవి. స్క్విడ్డు అను మెత్తని సముద్రజంతువు దేహమంతయు కరగిపోయినను, దాని నోటి గట్టి ముక్కు మిగులును.

అయితే క్రిల్లు ఎక్కడ? దాని పెంకు పలుచనిది. అరగి, చిదికి, కనబడకుండ పోవును. జల్లెడ నొక్కదానినే నమ్మినవాడు పెంగ్వినులు క్రిల్లును ముట్టనే లేదని తీర్పు చెప్పును. నేను తరగతిలో చేసిన తప్పు ఒక వైపున, ఇది రెండవ వైపున.

క్రిల్లు సంగతి చెప్పగల సాక్షి గ్రుడ్డు పెంకే. తల్లి తిన్న యాహారముతోనే గ్రుడ్డు తయారగును గదా! ఆహారములోని నత్రజనిలో తేలిక పరమాణువులును, కొంచెము బరువైన పరమాణువులును కలవు. దేహము తేలికవానిని ఎక్కువగా విసర్జించును. బరువైనవి కొంత హెచ్చుగా నిలిచిపోవును. పాలు కాగిన కొలది నీరు పోయి చిక్కబడునట్లు, ఒక జీవి మఱియొక జీవిని తినిన ప్రతి మెట్టునను బరువు నత్రజని పాలు వేయింటికి మూడు నాలుగు వంతులు పెరుగును. క్రిల్లు ముఖ్యముగా నాచును తిని క్రింది మెట్టుపై నుండును. చేప దానిపై మెట్టు. కావున చేపలు తిన్న తల్లి పెట్టిన గ్రుడ్డు పెంకులో బరువు నత్రజని హెచ్చు, క్రిల్లు తిన్న తల్లి పెట్టిన పెంకులో తక్కువ.

2007లో ఎమ్స్‌లీయు, కెనడాలోని సస్కాచవాన్ విశ్వవిద్యాలయమునకు జెందిన విలియం ప్యాటర్సనును 38,000 సంవత్సరముల కాలమునకు జెందిన పెంకులను పరీక్షించి ఫలితము ప్రకటించిరి. మంచుయుగము వచ్చి పోయినను పెంకులు చేపలనే ఎక్కువగా చూపినవి. కేవలము కడపటి 200 సంవత్సరములలో బరువు నత్రజని హఠాత్తుగా పడిపోయినది. అనగా మన పుస్తకములలోని క్రిల్లు భోజనము ఈ పక్షికి మొన్న మొన్నటి యలవాటు!

ఏల మాఱెను? వారి యూహ యిది. 1819లో దక్షిణ షెట్లాండు దీవులు కనుగొనబడిన కొలది సంవత్సరములకే బొచ్చు సీళ్లు అచ్చట దాదాపుగా నశించినవి. 1904లో దక్షిణ జార్జియా దీవిలో తిమింగలముల వేట కేంద్రము వెలసినది. 20వ శతాబ్దములో దక్షిణార్ధగోళమున చంపబడిన తిమింగలములు 20 లక్షలకు పైగా నున్నవి. వీనిలో పెక్కు క్రిల్లును మేయునవి. మేయువారు పోగా మిగిలిన క్రిల్లును పెంగ్వినులు తినసాగెనని వారి భావము. వడ్డించిన విస్తళ్లముందునుండి అతిథులను చంపివేసిన విందువలె నున్నది ఈ కథ. నాకు దీనిని చదువునపుడు పక్షులకంటె తిమింగలములే యెక్కువ జ్ఞప్తికి వచ్చినవి.

అయినను ఊహ ఊహయే. పక్షి భోజనము మాఱక, సముద్రపు నత్రజనియే మాఱియుండరాదా? ఇది మంచి ఆక్షేపణ. ప్రొటీనులలోని యొకానొక భాగమున బరువు నత్రజని మెట్టు మెట్టునకు పెరుగును. వేఱొక భాగమున దాదాపు పెరుగదు. రెంటిని సరిపోల్చినచో సముద్రము మాఱినదో, భోజనము మాఱినదో వేఱుపఱుపవచ్చును. 2019లో ప్రకటింపబడిన పరిశోధనమున మఱి రెండు జాతుల పెంగ్వినుల ఈకలను ఇట్లు పరీక్షించిరి. ఒకటి గడ్డము క్రింద నల్లని గీత గల చిన్‌స్ట్రాపు; రెండవది జెంటూ. పూర్వము చెన్నపట్టణపు ఇంగ్లీషువారు మన తెలుగువారిని జెంటూలనియే పిలిచెడివారు. ఈ పక్షి తలమీది తెల్లని పట్టీ తలపాగావలె నుండుటచే ఆ పేరు వచ్చెనని కొందఱందురు. 20వ శతాబ్దపు పూర్వభాగమున రెండు జాతులును క్రిల్లునే ఎక్కువగా తినినవి. పిమ్మట జెంటూ చేపలవైపు మరలినది. చిన్‌స్ట్రాపు క్రిల్లును విడువలేదు. దక్షిణ ధ్రువ ద్వీపకల్పమున జెంటూలు వృద్ధియగుచుండగా చిన్‌స్ట్రాపులు తగ్గుచున్నవి.

ఆ ఈకలలో పాతవి ప్రదర్శనశాలల సొరుగులలో దశాబ్దములుగా నుండినవి. దాచినవారికి ఈ పరీక్షల సంగతి తెలియదు. ఎక్కడ దొరకినది, ఏ సంవత్సరమున దొరకినది యని చీటీ మాత్రము కట్టి యుంచిరి. మన విజ్ఞానపు గదిలోని బీరువాలో పిచ్చుక గూళ్లు, గవ్వలు, ఒక కొంగ ఈక కలవు. వేనికిని చీటీ లేదు. చీటీలు వ్రాయక పెట్టినది నేనే. తెచ్చినవారు వచ్చు సోమవారము సాయంకాలము వచ్చి, జ్ఞాపకమున్నంతవఱకు ఊరును సంవత్సరమును వ్రాయింపవలెను.