నివేదనము – ప్రసాదము: వేదాద్రి సన్నిధిలో ఆరాధనా పదములు

కృష్ణవేణీ తీరమున, జగ్గయ్యపేటకు సమీపమున వెలసిన వేదాద్రి క్షేత్రము శ్రీ నృసింహస్వామి ఐదు రూపములతో వెలుగొందుచున్న దివ్యస్థలము. జ్వాలా నరసింహుడు, సాలగ్రామ నరసింహుడు, యోగానంద నరసింహుడు, లక్ష్మీ నరసింహుడు, వీర నరసింహుడు అని ఆ పంచమూర్తులను భక్తులు స్మరింతురు. సోమకాసురుడు హరించిన వేదములను శ్రీమహావిష్ణువు మత్స్యరూపమున ఉద్ధరింపగా, ఆ వేదములే ఇచట అద్రిరూపమున నిలిచినవనియు, కృష్ణవేణి కోరికపై స్వామి సాలగ్రామరూపమున ఆమె గర్భమున వసించుచున్నాడనియు స్థలపురాణము. చిరకాలము కృష్ణాజిల్లా మెట్టసీమకు చెందియుండిన ఈ క్షేత్రము 2022వ సంవత్సరము నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది.

ఈ క్షేత్రమునకు వచ్చిన యాత్రికుడు నదిలో స్నానమాడును, సన్నిధిలో గోత్రనామములు చెప్పి అర్చన చేయించుకొనును, కొబ్బరికాయ, అరటిపండ్లు నివేదన చేయించును, తీర్థము పుచ్చుకొనును, శఠారికి శిరసు వంచును, ప్రసాదము కన్నుల కద్దుకొని తీసికొనును. గడియ కాలములో ఆతని నోటను, అర్చకుని నోటను పదిపండ్రెండు మాటలు దొర్లును. ఒక్కొక్క మాట వెనుక ఎంతో చరిత్ర కలదు. ఆ మాటల అర్థము తెలిసి చేసిన ఆరాధనకును, తెలియక చేసినదానికిని ఎంత భేదమున్నదో విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

వేదము – నివేదనము

మొదట ఒక ప్రశ్న. నివేదనము అనగా నేమి? స్వామి యెదుట ఆహారము పెట్టుట అని పలువురు చెప్పుదురు. కాని ఆ మాటలో ఆహారము లేదు, పెట్టుట లేదు. 'విద' ధాతువునకు ఎఱుగుట అని అర్థము. దాని నుండియే వేదము అను పదము వచ్చినది. 'ని' అను ఉపసర్గ చేరి, ప్రేరణార్థమున నివేదనము అయినది. అనగా ఎఱుక పఱచుట, తెలియజేయుట. రాజునకు మనవి చెప్పుకొనుటకును నివేదించుట అనియే పేరు. అట్లు నివేదింప దగినది నివేద్యము. దాని నుండియే నైవేద్యము అను మాట ఏర్పడినది. కావున వేదాద్రి అను పేరులోని మొదటి పదమును, అచట జరుగు నివేదనమును ఒకే ధాతువునకు పుట్టిన తోబుట్టువులు.

ఇచట జిజ్ఞాసువునకు సంశయము కలుగక మానదు. స్వామి సర్వజ్ఞుడు గదా! వేదములకే మూలమైన వానికి మన పులిహోరను గూర్చి తెలియజేయ వలసిన దేమున్నది? పెద్దలు దీనికి చెప్పు సమాధానము సులభము, గంభీరము కూడ. తెలియవలసినది స్వామికి కాదు, మనకు. ఈ బియ్యము నా పొలమున పండినది, ఈ వంట నా యింట వండినది అను అభిమానము మనకు సహజము. దానిని స్వామి ముందుంచి, 'ఇది నీది, నీ వలన వచ్చినది' అని పలికిన క్షణమున మన ఎఱుక మాఱుచున్నది. వస్తువు మాత్రము ఎక్కడిదక్కడనే యున్నది.

యజ్ఞశాల నుండి దేవాలయమునకు

వైదిక కర్మలో దేవతలకిచ్చునది హవిస్సు. ఇది 'హు' ధాతువు నుండి పుట్టినది. ఆహుతి, హోమము, హోత్రము మున్నగునవి దాని సంతతియే. ధాతుపాఠమున ఈ ధాతువునకు దానము, అదనము అనగా భుజించుట అని రెండర్థములు చెప్పబడినవి. ఇచ్చుటయు, తినుటయు ఒకే ధాతువున ఇమిడి యుండుట గమనింపదగినది. 'యజ' ధాతువునకు దేవపూజ, సంగతికరణము, దానము అని మూడర్థములు. కలిసికూడుట కూడ యజ్ఞమే యన్నమాట.

అగ్నిలో వేసిన హవిస్సు భస్మమగును. అర్చామూర్తికి నివేదించిన అన్నమో, తిరిగి మన చేతికి వచ్చును. అట్లు వచ్చినపుడు దాని పేరు మాఱును. వెళ్లునపుడు నైవేద్యము, వచ్చునపుడు ప్రసాదము. 'ప్ర' పూర్వకమైన 'సద' ధాతువు నుండి వచ్చిన ఈ పదమునకు నిర్మలత్వము, ప్రసన్నత, అనుగ్రహము అని అర్థములు. బురద తేఱి నీరు స్వచ్ఛమైనపుడు అది ప్రసన్నమైనదని కవులు వర్ణింతురు. కావున ప్రసాదమనగా లడ్డువును కాదు, చక్కెరపొంగలియు కాదు; స్వామి ప్రసన్నుడైనాడనుటకు మన చేతికందిన గుఱుతు.

మంగళగిరి పానకాలస్వామి సన్నిధిలో ఈ భావము కంటికి కనబడును. భక్తులు తెచ్చిన బెల్లపు పానకమును అర్చకులు స్వామి ముఖమున పోయగా, స్వామి సగము స్వీకరించి సగము విడుచునని ప్రసిద్ధి. ఆ విడిచిన భాగమే శేషము, అదియే ప్రసాదము. విశిష్టాద్వైత సిద్ధాంతమున జీవుడు శేషభూతుడు, భగవంతుడు శేషి. పానకపు గిన్నెతో ఇంటికి మరలు వృద్ధురాలికి ఈ పరిభాష తెలియకపోవచ్చును. కాని స్వామి విడిచినదే తనదని ఆమె నమ్మిక. శాస్త్రము చెప్పునదియు అదియే.

మఱి రెండు మూడు పదములు

అర్ఘ్యము, పాద్యము అని ఉపచారములలో వినుచుందుము. పాదములకైన ఉదకము పాద్యము. అర్ఘ అనగా వెల, గౌరవము, దానికైనది అర్ఘ్యము. ఇంటికి వచ్చిన అతిథికి చేయు మర్యాదలే దేవునికిని చేయుదుము. అట్టి మర్యాదలలో మధుపర్కము ఒకటి. తేనె, పెరుగు, నెయ్యి కలిపి పూజ్యుడైన అతిథికి, వివాహమున వరునికి ఇచ్చునది ఇది. కాని నేడు తెలుగునాట మధుపర్కములనగా పెండ్లిలో వధూవరులు ధరించు నూలు వస్త్రములే! తేనె పోయి బట్ట మిగిలినది. మాట నిలిచి అర్థము జాఱిన దానికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

బలి అను పదమునకు జరిగినది ఇంకను విషాదకరము. బలి యనగా ప్రాణిని చంపుట యని నేడు లోకవ్యవహారము. వైష్ణవాలయమున బలి యనగా పరివారదేవతలకు, సమస్త భూతములకు పెట్టు అన్నపు ముద్ద. ధ్వజస్తంభము చెంతనున్న బలిపీఠము అందులకే. గృహస్థుడు వైశ్వదేవమున కాకికి, చీమకు కూడ పాలు పంచునది ఈ బలియే.

తీర్థమనగా మొదట నదిలో దాటు రేవు. 'తౄ' ధాతువునకు దాటుట అర్థము. తరించుట యనునదియు దానినుండియే. అర్చకుడు అరచేత పోయు ఉద్ధరిణెడు నీరును తీర్థమే, వేదాద్రి దిగువ కృష్ణరేవును తీర్థమే. రెండును దాటించునవియే.

ధనంబోడు శాసనము

ఈ సీమలో దానమును గూర్చిన మాటలు రాతిమీద చెక్కబడి నేటికి సుమారు పదునేడు శతాబ్దములైనది. జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు గుట్టపై ఒక బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని త్రవ్వించి పరిశీలించెను. అచట లభించిన ప్రాకృత శాసనము ఇక్ష్వాకు వంశీయుడైన వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరమునకు చెందినది. సిద్ధార్థుడను శిల్పి వెలగిరి గ్రామమందలి మహాచైత్యమునకు, తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములను నిలిపెనని అందు కలదు.

ఆ దానమునకు శాసనము వాడిన మాట 'దేయధమ్మ'. సంస్కృతమున దేయధర్మము. ఇవ్వవలసిన ధర్మమని భావము. దాత రాజు కాడు, చేతిపనివాడు. ఆతడు తన పేరొక్కటియే చెక్కించుకొనలేదు. తల్లి నాగిలని పేరు ముందు పెట్టెను. పిమ్మట భార్య, కుమారుడు, కుమార్తె, తమ్ముడు, మఱదలు, వారి బిడ్డలు, జ్ఞాతులు, మిత్రులు. కడపట సర్వసత్త్వముల హితసుఖముల కొఱకని పలికెను. మతము వేఱు, భాష వేఱు. అయినను వేదాద్రిలో నేడు ఒక గృహస్థుడు అర్చన చేయించుచు భార్యాపుత్రుల నామములను, సహకుటుంబముగా తన క్షేమమును చెప్పుకొనునపుడు ఆ శిల్పి మాటయే మఱల వినబడును. ఇచ్చువాడు ఒంటరిగా ఇవ్వడు. తనవారినందఱిని వెంటబెట్టుకొని వచ్చును.

మధ్యయుగపు తెలుగు శాసనములలో దానపు మాటలు మఱింత విస్తరించినవి. స్వామి శ్రీమూర్తికి జరుగు కైంకర్యములు అంగభోగము, నృత్యగీతాదులు రంగభోగము. ద్రాక్షారామమున అఖండదీపమునకై గొఱ్ఱెల నొసగిన శాసనములు పెక్కు గలవు. సాధారణముగా ఒక దీపమునకు 50 గొఱ్ఱెలు. వానిని మేపు బోయడు తరతరములుగ దీపమునకు నేయి పోయవలెను. గొఱ్ఱె బ్రదికి యుండగనే దీపము వెలుగవలెను గనుక ఆ దానము ప్రాణిని కాచు దానమైనది.

శ్రీవైష్ణవ గృహములలో

ఆళ్వారుల భాష వలన తెలుగు వైష్ణవ గృహములకు ఇంకొక పదసంపద అబ్బినది. స్వామి భుజించుట ఆరగింపు. ఆరగింపునకు సిద్ధమైన అన్నము తళిగ. పళ్లెరము పేరు దానిలోని అన్నమునకు వచ్చినది. ప్రబంధ పారాయణపు ముగింపు శాత్తుముఱ. స్వామి పాదుకలకు ప్రతీకయైన శఠారికి, ఆ పాదములను వీడని నమ్మాళ్వారుల నామమే పేరు. వంటలన్నింటికి కడపట 'అముదు' అని చేర్తురు: కూర కరియముదు, చారు శాత్తముదు, పెరుగు తయిరముదు. అముదు అనగా అమృతము. ఒక పేద గృహస్థుని ఇంట పళ్లెములో చారు, మజ్జిగ మాత్రమే యున్నను, స్వామికి సమర్పించిన పిమ్మట అవి అమృతములే యని ఆ భాష బోధించుచున్నది.

మాట పోయిన జాతి

ఆరాధనతోబాటు భాషయు అంతరించిన నేమగునో తెలిసికొనుటకు ఒక దూరదేశపు వృత్తాంతము ఉపకరించును. నేటి టర్కీ దేశమున, బోగజ్‌కోయ్ అను చోట హిట్టైట్ రాజుల మృత్ఫలక గ్రంథాగారము లభించినది. క్రీ.పూ. పదునాల్గవ శతాబ్దమునకు చెందిన ఒక సంధిపత్రమున మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేరులుండుట మన విద్వాంసులకు సుపరిచితము. ఆ గ్రంథాగారమునందే లువియ భాషలోని పూజావిధుల వాక్యములు కూడ కలవు. ఆ భాష మన సంస్కృతమునకు దూరపు బంధువు. గొఱ్ఱెకు మనము 'అవి' అన్నచో వారు 'హావి' అనిరి. మన పాదము వారికి 'పాత'. మన 'మధు' వారికి 'మద్దు'. మనకు తేనె, వారికి ద్రాక్షాసవము. వారి వానదేవుడు 'తర్హున్త్', జయించువాడని అర్థము. తీర్థపదమునకు మూలమైన మన 'తౄ' ధాతువును, ఆ నామమునకు మూలమైన ధాతువును ఒకటేయని భాషావేత్తలు చెప్పుదురు. కాని మాటలు బంధువులైనంత మాత్రమున మతము ఒకటి కాదు. దేవునికి వారు వాడిన 'మస్సని' అను పదమునకును, మన దేవశబ్దమునకును సంబంధము లేదు.

ఇవ్రీజ్ అనుచోట నీటియూట పైనున్న కొండరాతిపై, క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దమున చెక్కిన శిల్పమొకటి నేటికిని నిలిచియున్నది. తర్హున్త్ దేవుడు ఒక చేత ద్రాక్షగుత్తులు, ఒక చేత గోధుమ వెన్నులు ధరించి యుండగా, వర్పలవ అను రాజు చేతులెత్తి ఆరాధించుచుండును. 1946లో వెలుగు చూచిన కరాతేపె శాసనమున దేవునికి ఏటేట ఎద్దును, దుక్కి దున్ను వేళ ఒక గొఱ్ఱెను, పంటవేళ ఒక గొఱ్ఱెను ఇయ్యవలెనని విధింపబడినది. శాసనము చెదరలేదు, కొండ, నీరు అచటనే యున్నవి. కాని క్రీ.పూ. 700 ప్రాంతము పిదప ఆ లిపిలో వ్రాసినవారు లేరు. క్రమముగా ఆ భాష పలుకువారును లేకపోయిరి. పండితులు ఎంతో శ్రమించి ఆ మాటలను మఱల చదువగలిగిరి. కాని ఆ మాటతో ఒక గోధుమ వెన్ను సమర్పించువాడు లోకమున ఒక్కడును లేడు.

గృహస్థుల కర్తవ్యము

మన మాటలకు అట్టి దుర్గతి రాలేదు. దేయధర్మమను మాట మఱుగుపడినను, నివేదనము, తీర్థము, ప్రసాదము మన నోట నున్నవి. అయినను మధుపర్కమునకు జరిగినది వీనికి జరుగదని నిశ్చింతగా నుండరాదు. 'స్వామికి ప్రసాదము చేసితిమి' అని వంటయింటిలో చెప్పుట నేడు సాధారణము. నివేదింపక మునుపే ప్రసాదమైనచో, స్వామి ఇచ్చినదేమి? ఇచ్చుటకును, పుచ్చుకొనుటకును నడుమ ఉండవలసిన ఒక్క క్షణపు ఎఱుక ఆ మాటతో మాసిపోవుచున్నది. క్షేత్రములలో ప్రసాదమును వెల యిచ్చి కొనుట అలవాటైన కొలది ఈ ప్రమాదము హెచ్చును.

దీనికి ప్రతిక్రియ వ్యయప్రయాసలతో కూడినది కాదు. ఇంట వండినది అన్నమనుడు; స్వామి యెదుట తులసీదళముతో నుంచునపుడు నైవేద్యమనుడు; స్వామి ఆరగించిన పిమ్మటనే ప్రసాదమనుడు. చేతిలో తీర్థము పోయునపుడు, తీర్థమనగా దాటు రేవని బిడ్డలకు ఒక్కసారి చెప్పుడు. వేదాద్రికి వెళ్లినపుడు నదిని చూపి చెప్పినచో వారెన్నటికిని మఱువరు. అర్చకుడు గోత్రనామము లడిగినపుడు తొందరపడక, ఇంటిలోని వృద్ధుల పేరులు, పసిబిడ్డల పేరులు కూడ చెప్పుడు.

వేదములకు వేద్యుడైన ఆ యోగానంద నృసింహుడు మన నివేదన మాలకించి, ప్రసన్నుడై, ఎల్లరకు ప్రసాదమును అనుగ్రహించుగాక!