ఊరిమాట – గ్రామసభ

గోదావరీనది కుడియొడ్డున, జగిత్యాల పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ధర్మపురి యను పుణ్యక్షేత్రము కలదు. ఇచ్చట గోదావరి దక్షిణముఖముగా ప్రవహించును. కావున జనులు దీనిని దక్షిణవాహిని యని కొనియాడుదురు. లక్ష్మీనరసింహస్వామి ఆలయమును, దాని చెంతనే యున్న రామలింగేశ్వరాలయమును ఈ యూరికి వన్నె తెచ్చినవి. నరసింహ శతకమును రచించిన శేషప్పకవి ఈ క్షేత్రమువాడే. ఫాల్గుణ మాసమున ఇచ్చట బ్రహ్మోత్సవములు జరుగును. పండ్రెండేండ్ల కొకసారి పుష్కరములు వచ్చును.

యాత్రికుడు నదిలో మునిగి, స్వామిని దర్శించి, మరునాడు తన యూరికి మరలిపోవును. కాని అతడు త్రాగిన నీటిని వీధికి తెచ్చిన వారెవరు? అతడు నడచిన బాటను ఊడ్పించిన వారెవరు? రాత్రివేళ దారి చూపిన దీపమును వెలిగించిన వారెవరు? ఆలయమునకు ధర్మకర్తలున్నట్లే ఊరికిని ధర్మకర్తలుందురు. 2015 జూలై 14 నుండి 25 వరకు జరిగిన గోదావరీ పుష్కరములకు లక్షలాది జనులు ధర్మపురికి వచ్చిరి. ప్రభుత్వశాఖ లెన్ని తోడ్పడినను, ఆనాడు ఊరి పాలన గ్రామపంచాయతిదే. ఆ పంచాయతి యన నేమి? అది ఊరివారితో ఎట్లు మాటలాడును? ఊరివారి మాట నెట్లు వినును? ఈ విషయము ప్రతి పౌరుడును తెలిసికొనదగినది.

పూర్వము ఈ ప్రాంతము నిజాము ప్రభువుల హైదరాబాదు రాజ్యములోనిది. అప్పుడు ఊరి పెత్తనము మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీల చేతిలో నుండెను. ఆ యుద్యోగములు తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచుండెను. శిస్తు కట్టవలసిన గడువైనను, అధికారి రాకయైనను, మరి యే యాజ్ఞయైనను డప్పు మ్రోతతో వీధివీధిని చాటబడుచుండెను. డప్పు కొట్టువాడు సైతము తరచుగా వెట్టివాడే. తాను చాటిన యాజ్ఞపై అతనికే నోరెత్తు హక్కు లేకుండెను. సర్కారు మాట ఊరికి చేరెను. ఊరి మాట సర్కారునకు చేరుటకు దారి లేకపోయెను. మాట యొక దిక్కుననే ప్రయాణము చేసెను.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసిపోయెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము, తన 40వ అధికరణములో, గ్రామపంచాయతులను ఏర్పరచి వానికి స్వపరిపాలనకు తగిన అధికారముల నీయవలెనని రాజ్యమును ఆదేశించెను. 1956లో హైదరాబాదు గ్రామపంచాయతుల చట్టము వచ్చెను. ఆ యేడే ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఆంధ్ర ప్రాంతమున నొక చట్టమును, తెలంగాణమున నొక చట్టమును ఉండుట తగదని, 1964లో రాష్ట్రమంతటికిని ఒకే పంచాయతి చట్టమును చేసిరి. వంశపారంపర్యమైన పటేలు, పట్వారీ యుద్యోగములు మాత్రము 1984 వరకు నిలిచి, ఆ యేట రద్దయినవి.

అటుపిమ్మట గొప్ప మార్పు 1993లో వచ్చినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 24న రాజ్యాంగపు 73వ సవరణ అమలులోనికి వచ్చెను. అందుచేతనే ఏప్రిల్ 24వ తేదీని జాతీయ పంచాయతీరాజ్ దినముగా జరుపుదురు. ఈ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించెను. దళితులకును, గిరిజనులకును వారి జనసంఖ్యను బట్టియు, స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ గాకుండను స్థానములు కేటాయించెను. నేడు తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి సగము స్థానములు స్త్రీలవే.

గ్రామపంచాయతి వేరు, గ్రామసభ వేరు. ఈ భేదమును చక్కగా గ్రహింపవలెను. ఊరిని వార్డులుగా విభజించి, ఒక్కొక్క వార్డునకు ఒక్కొక్క సభ్యుని ఎన్నుకొందురు. ఊరి ఓటర్లందరును కలిసి సర్పంచిని ఎన్నుకొందురు. సభ్యులు తమలో నొకరిని ఉపసర్పంచిగా ఎన్నుకొందురు. వీరందరు కలిసినది పంచాయతి. లెక్కలు వ్రాయుటకును, తీర్మానములను నమోదు చేయుటకును ప్రభుత్వముచే నియమింపబడిన కార్యదర్శి యుండును. పంచాయతి నెలకొకసారియైనను సమావేశము కావలెను. ఇంటిపన్ను, నీటిరుసుము, సంతలోని తైబజారు మున్నగునవి దాని స్వంత ఆదాయము. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు నిధుల నిచ్చును. మంచినీరు, పారిశుద్ధ్యము, వీధిదీపములు, ఊరిబాటలు, శ్మశానవాటిక, చెట్ల పెంపకము దాని పనులు.

గ్రామసభ యన్ననో ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తియు సభ్యుడుగా గల సభ. దీనికి ఎన్నిక లేదు. పదవీకాలము లేదు. పదునెనిమిదేండ్లు నిండి ఓటరైన నాటినుండి మనుష్యుడు ఆ యూర నున్నంతకాలము దానిలో సభ్యుడే. భూస్వామికి ఒక స్థానము, కూలికి ఒక స్థానము. చదివినవానికి ఒక మాట, చదువనివానికి ఒక మాట. గడచిన యేటి జమాఖర్చులను, తనిఖీ నివేదికను, రాబోవు సంవత్సరపు పనుల పట్టికను, క్రొత్తపన్నుల ప్రతిపాదనలను ఈ సభ యెదుట ఉంచవలెను. రెండు మాసముల కొకసారియైనను గ్రామసభను కూర్పవలెనని 2018 చట్టము విధించినది. కూర్పని సర్పంచి పదవికే ముప్పు కలుగును.

అయితే సభ జరుగునని తెలియనివాడు సభకెట్లు వచ్చును? కావుననే తేదీని, వేళను, చోటును ముందుగా ఊరంతటికిని తెలుపవలెను. పంచాయతి కార్యాలయపు నోటీసు బోర్డుపై ప్రకటన నంటింతురు. చదువురానివారి కొరకు డప్పు వేయింతురు. నేడు మైకు కట్టిన బండియు, చేతిఫోనులోని సందేశమును వీనికి తోడైనవి. సాధనములు మారినను ధర్మము మారలేదు. చెప్పితి మనుట చాలదు. చేరినదా యని చూడవలెను.

దీనికొక యుదాహరణము. ఒక యూరిలో మంచినీటి గొట్టము వేయదలచిరనుకొందము. గ్రామసభకు చాటింపు వేసిరి. కాని అది నాట్ల కాలము. డప్పు ప్రొద్దెక్కిన తరువాత పెద్దవీధిలో మ్రోగెను. అప్పటికి కూలిజనమంతయు పొలములకు పోయి యుండిరి. ఊరి చివరి వాడలో డప్పు మ్రోగనే లేదు. సభకు వచ్చినవారు కొలదిమంది, వారందరు పెద్దవీధివారే. గొట్టము పెద్దవీధిగుండా పోవలెనని మాట వచ్చెను. తలలూపిరి. కాని చట్టము కోరినంతమంది సభకు రాలేదని కార్యదర్శి చెప్పగా, సభ వాయిదా పడెను.

రెండవసారి రాత్రి భోజనములైన పిమ్మట వాడవాడను చాటింపు వేసిరి. ఈసారి స్త్రీలును పెక్కుమంది వచ్చిరి. గొట్టము త్రోవను చదివి వినిపింపగా ఒక వృద్ధురాలు లేచి, “అయ్యా, పెద్దలు చూచిన త్రోవ బాగున్నది. కాని పెద్దవీధిలో ఇంటింట బావి యున్నది. బిందెలు మోయువారము మేము. ఆ గొట్టము మా వాడకు రాదేమి?” అని యడిగెను. సభలో కొంతసేపు మాట లేదు. సర్పంచి, “అమ్మా, ఈ మాట మాకు తోచలేదు” అని యొప్పుకొని, గొట్టము మొదట చివరివాడకే పోవునట్లు తీర్మానము వ్రాయించెను. ఆ వృద్ధురాలికి అక్షరము రాదు. కాని ఆమె నిత్యము నడచు త్రోవ ఏ పటములోను లేదు. ఆమె వినకున్నచో సభకు రాకపోవును; రాకున్నచో ఊరి సొమ్ము వెచ్చింపబడియు ఊరి దప్పిక తీరకపోవును.

ప్రజలకు తెలియునట్లు పాలింపవలెనను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. తమిళదేశమున కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరులో చోళరాజైన పరాంతకుని కాలమున, 919, 921 సంవత్సరములలో, గ్రామసభ నియమములను ఆలయపు గోడరాళ్లపై చెక్కించిరి. తాటాకులపై పేర్లు వ్రాసి, కుండలో వేసి, ఒక బాలునిచే తీయించి సభ్యులను నిర్ణయించుచుండిరి. లెక్క లప్పగింపనివాడును, అతని బంధువులును మరల సభ్యులగుటకు అనర్హులు. నియమములు పెట్టెలో గాక గోడపై నుండుట గమనింపదగినది. అయినను ఆ సభ్యత్వము భూమియు విద్యయు కలవారికే. గొట్టము సంగతి యడిగిన వృద్ధురాలికి ఆ సభలో చోటు లేదు. నేటి గ్రామసభ ఆ కొరతను తీర్చినది.

ఇంగ్లండు దేశపు పల్లెలలో 1894 నాటి చట్టముచే పారిష్ కౌన్సిళ్లు ఏర్పడినవి. అవి మన పంచాయతుల వంటివి. అచ్చట ప్రతి సంవత్సరము మార్చి 1కిని జూన్ 1కిని నడుమ పారిష్ ఓటర్ల సభ యొకటి జరుగవలెను. దాని ప్రకటనను కనీసము ఏడు పూర్తి దినములకు ముందు అందరికి కనబడు చోట అంటింపవలెను. సముద్రముల కావల నున్న పల్లెకును, గోదావరి యొడ్డున నున్న పల్లెకును ఈ విషయమున నీతి యొక్కటే: ముందు తెలుపుము, పిదప కూర్చుండుము, ఆపై నిర్ణయింపుము.

ధర్మపురి కథ ఇంతతో ముగియలేదు. 2018లో ఆ యూరు పురపాలక సంఘమైనది. చుట్టునున్న రాయపట్నము, జైన, నేరెళ్ల మున్నగు ఊళ్లలో గ్రామపంచాయతులు నిలిచియున్నవి. పురపాలక సంఘమైనచో పట్టణమునకు తగిన వసతులకు మార్గము లేర్పడును. కాని గ్రామసభ యుండదు. 2019 నాటి పురపాలక చట్టము దానికి బదులుగా ప్రతి వార్డునకును నాలుగు సంఘములను ఏర్పరచినది: యువకుల కొకటి, స్త్రీల కొకటి, వృద్ధుల కొకటి, పురప్రముఖుల కొకటి. ఒక్కొక్క సంఘమున 15 మంది సభ్యులు. అనగా వార్డునకు 60 మంది. వెనుక ప్రతి ఓటరును సభ్యుడే. ఇప్పుడు అరువదిమంది మిగిలినవారి కొరకు వినవలెను, వారి కొరకు మాటలాడవలెను. కావున ఊరు పెరిగినకొలదియు వినిపించు బాధ్యతయు, వినెడి బాధ్యతయు పెరుగునే కాని తరుగదు.

ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు గ్రామసభలో సభ్యత్వము వచ్చుటకు ఇంక నైదేండ్ల కాలమే యున్నది. అంతవరకు వారికి పని లేదనుకొనరాదు. పాఠశాలకు పోవు దారిలో పంచాయతి కార్యాలయ ముండును. దాని గోడపై నోటీసు బోర్డుండును. అందులోని ప్రకటనను నిలిచి చదివి, ఇంటికి పోయి, చదువురాని అవ్వకు సభ తేదీ చెప్పిన బాలుడు ఊరికి గొప్ప మేలు చేసినవాడగును. అవ్వ సభకు పోవును. ఆమె అడుగదలచిన మాట ఆమెకు తెలియును.