పాత పికప్ బండి – మన చేతి రిపేర్లు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే, నాకు కవితలు రావు సార్ అన్నాను. "నీకు వచ్చిందే రాయి నాయనా" అన్నారు. నాకు వచ్చింది బండి పని. మన హాస్టల్లో పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ చదివాను. తర్వాత మా మామ కొన్న పాత పికప్ బండితో చాలా ఏళ్ళు టమోటా బాడుగలు తోలాను. అందుకే ఈ పాఠం.

మదనపల్లె టమోటా మార్కెట్ గురించి మీకు కొత్తగా చెప్పనక్కర లేదు. పల్లెల నుండి ఆ మార్కెట్‌కు, పుంగనూరు మార్కెట్‌కు, కుప్పం వైపు నుండి వి.కోట మార్కెట్‌కు క్రేట్లు చేరవేసే వాటిలో పికప్ బండ్లే ఎక్కువ. మనలో చాలామంది ఇళ్ళలో నాయనో, అన్నో, మామో ఈ బండ్ల మీద బ్రతుకుతున్నారు. కొత్త బండి కొనే స్తోమత లేనివాడు పాత బండి కొంటాడు. పాత బండి కొన్నవాడు సగం మెకానిక్ కాక తప్పదు. అయితే బండి పనులు మూడు రకాలు: మనం చేసుకోగలిగినవి, తెలిసినవాడి చేత చేయించాల్సినవి, అసలు చేయకూడనివి. ఈ తేడా తెలియక నేను చేసిన తప్పుతోనే పాఠం మొదలుపెడతాను.

1. నా తప్పు

2011 ఫిబ్రవరి నెల. బండి చేతికొచ్చి ఏడాది దాటింది. ఐ.టి.ఐ. చదివానన్న గర్వం నాకు బాగా ఉండేది. ఎక్కువ బరువు మోయాలని వెనక కమాను కట్టలకు రెండేసి పట్టీలు అదనంగా వేయించాను. ముందు నాలుగు లైట్లు, లోపల పెద్ద సౌండ్ బాక్సులు పెట్టాను. అన్నిటికీ కలిపి పద్దెనిమిది వేలు అయింది. బ్రేక్ ఆయిల్ మాత్రం మార్చలేదు. డబ్బా రెండు వందలు కూడా లేదు. డబ్బులేక కాదు, కంటికి కనిపించని పని కనుక.

పుంగనూరులో 60 క్రేట్లు ఎత్తుకొని చిత్తూరు బయలుదేరాను. ఇంటర్ చదివే మా తమ్ముడు క్రేట్ల మీద కూర్చున్నాడు. అదీ తప్పే. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు టాప్ గేరులోనే ఉంచి బ్రేకు తొక్కుతూ వచ్చాను. సగం దిగాక పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపులో నేలకు ఆనింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమ వైపు మట్టికట్టకు బండిని రాపించి ఆపాను. క్రేట్లతో పాటు తమ్ముడు కింద పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది. మార్చిలో రాయాల్సిన పరీక్ష వాడు ఆ ఏడు రాయలేకపోయాడు.

మా మామ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "సింగారం బాగా చేసినావురా అల్లుడా, ప్రాణం యాడుందో చూడలేదు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆ రోజు అనిపించింది.

2. బ్రేకు ఎందుకు పోయింది?

మీరు పుస్తకంలో చదివే పాస్కల్ సూత్రమే బ్రేకులో ఉంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోని ఆయిల్ మీద ఒత్తిడి పడుతుంది. ద్రవం నలగదు కాబట్టి ఆ ఒత్తిడి పైపుల గుండా చక్రాలకు చేరి బ్రేక్ షూలను డ్రమ్ముకు ఒత్తుతుంది. అయితే బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మన కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. చక్రానికి ఏమీ చేరదు.

అంత వేడి ఎక్కడిది? ఒక లెక్క చేద్దాం. పలమనేరు వైపు నేల సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. చిత్తూరు సుమారు 300 మీటర్లు. ఇందులో 200 మీటర్లు ఒక్క దిగుడులోనే దిగామనుకుందాం. బండి, సరుకు కలిపి 2,500 కిలోలు అనుకుందాం.

స్థితి శక్తి = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు
= 2,500 × 10 × 200 = 50,00,000 జౌళ్ళు

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాచడానికి సుమారు 2,94,000 జౌళ్ళు కావాలి. అంటే ఆ దిగుడులో పుట్టే వేడి సుమారు 17 లీటర్ల నీళ్ళను మరిగేదాకా కాచగలదు. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ వేడిలో అధిక భాగం నాలుగు చక్రాల దగ్గరే చేరుతుంది. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచి, ఆ పనిలో కొంత తాను తీసుకుంటుంది. "ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి" అని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందనుకోవడం ప్రాణాంతకం.

కాబట్టి రెండేళ్ళకొకసారి బ్రేక్ ఆయిల్ మార్పించాలి. తక్కువైందని ఇంజన్ ఆయిల్ పోయరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. ఊరికే తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతోందని, లేదా లైనర్లు అరిగాయని అర్థం.

3. మనం చేసుకోగలిగిన పనులు

పనిముట్లు: 8 నుండి 19 సైజు వరకు పానాలు, రెండు స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, వీల్ పానా, జాకీ, టెస్ట్ ల్యాంపు, టైరు గాలి గేజి, నాలుగు గట్టి చెక్క దిమ్మెలు. ఇవి ఒకేసారి కొననక్కర లేదు. నెలకొకటి కొన్నా ఏడాదిలో పెట్టె నిండుతుంది.

ఉదయపు చూపు: బండి తీసే ముందు ఐదు నిమిషాలు చాలు. ఇంజన్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు, బ్రేక్ ఆయిల్, టైర్ల గాలి, లైట్లు చూడాలి. రాత్రి బండి నిలిపిన చోట నేల మీద మరకలు చూడాలి. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, పచ్చగానో ఎర్రగానో నీళ్ళలా ఉంటే కూలెంట్, చక్రం లోపలి వైపు తడి ఉంటే బ్రేక్ ఆయిల్ అని అనుమానించాలి. చక్రం దగ్గర తడి ఉంటే ఆ రోజు బండి తీయకూడదు.

పొగ: నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండికి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. చలి ఉదయం కాసేపు తెల్ల పొగ మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, రేడియేటర్ నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి.

డీజిల్ లైనులో గాలి: ట్యాంకు ఖాళీ అయినా, డీజిల్ ఫిల్టరు మార్చినా లైనులో గాలి పట్టి బండి స్టార్టు కాదు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించుకోవద్దు. ఫిల్టరు పైనున్న గాలి స్క్రూ కొంచెం వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ ఉంటే నురుగు వస్తుంది. నురుగు పోయి ధారగా డీజిల్ వచ్చాక స్క్రూ బిగించాలి. ఇది పాత రకం పంపు ఉన్న బండ్లకే. కామన్ రైల్ ఇంజన్ల జోలికి మనం పోరాదు. ఏ బండిలోనైనా ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు వదులు చేయకూడదు. అక్కడి ఒత్తిడికి డీజిల్ సూదిలా చర్మంలోకి దూరుతుంది.

బ్యాటరీ: టెర్మినళ్ళ మీద తెల్లపొడి పేరుకుంటే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరాక వాజిలిన్ పూయాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర బిగించాలి. అలా చేస్తే పానా బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్ళు పోయరాదు.

రేడియేటర్: ఘాట్ ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోతే బండి పక్కకు తీసి అరగంటైనా చల్లారనివ్వాలి. వేడి మీద మూత తీస్తే మరుగునీళ్ళు ముఖాన కొడతాయి. కాగిన ఇంజన్లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

టైరు మార్చడం: హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా ఉన్నవి బిగించాలి. టైరు గీతల లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి ఎవరూ దూరవద్దు. దిమ్మెలు పెట్టాకే దూరాలి.

4. తెలిసినవాడి చేత చేయించాల్సినవి

బ్రేకులు, స్టీరింగ్, క్లచ్, నాజిళ్ళు, డీజిల్ పంపు. వీటిని పక్కన నిలబడి చూస్తూ నేర్చుకోండి. మొదటిసారే ఒంటరిగా చేయవద్దు. బ్రేక్ పని అయ్యాక ఖాళీ బండిని చదును నేల మీద మెల్లగా తోలి, నాలుగైదు సార్లు ఆపి చూశాకే సరుకు ఎత్తాలి.

5. మార్పులు చేర్పులు

పాత బండిని మెరుగు చేయాలన్న ఆశ తప్పు కాదు. వరుస ముఖ్యం. మొదట బ్రేకులు, తర్వాత టైర్లు, తర్వాత చూపు, అంటే లైట్లు, అద్దాలు, వైపర్లు. పాటలు ఆఖరున.

లైట్లు మసకగా ఉంటే చాలామంది 100 వాట్ల బల్బులు వేస్తారు. ఇక్కడా లెక్క ఉంది. మామూలు 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకుంటాయి. 100 వాట్లవి రెండైతే దాదాపు 17 ఆంపియర్లు. పాత వైరు, పాత స్విచ్చు అంత మోయలేక కాలిపోతాయి. మామూలు బల్బులే ఉంచి, బ్యాటరీ నుండి ఫ్యూజుతో, రిలేతో మందమైన వైరు వేయిస్తే చాలా బండ్లలో వెలుతురు పెరుగుతుంది. ఎదుటివాడి కళ్ళకూ ఇబ్బంది ఉండదు.

ఇక కమాను పట్టీలు. నేను వేయించిన పట్టీలు బండి వెనక భాగాన్ని కుంగకుండా పైకి పట్టుకున్నాయి. అంతే. బ్రేకులు, ఇరుసు, టైర్లు మాత్రం పాత బలంతోనే ఉన్నాయి. బండి కుంగనందున బరువు ఎక్కువైందని నాకు తెలియకుండా పోయింది. క్రేటుకు 25 కిలోలు అనుకుంటే 40 క్రేట్లకే 1,000 కిలోలు. నేను ఎత్తిన 60 క్రేట్లు 1,500 కిలోలు. పుంగనూరు ఆవు పొట్టిది, తక్కువ మేతతో పాలిస్తుంది. దాన్ని మెచ్చుకుంటాం గానీ దుక్కిటెద్దు మోసే కాడి దాని మెడ మీద పెట్టం కదా! ఆర్.సి.లో రాసిన బరువే బండి మోయగల బరువు. పైగా తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. 8 ఏళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. దాన్ని బాధ అనుకోకండి. మన కంటికి ఆననిది ఇంకొకరి కంటికి ఆనవచ్చు.

6. ముగింపు

తమ్ముళ్ళారా, ట్రంకు పెట్టె గొళ్ళెం ఊడితే రాయితో కొట్టి సరిచేసుకున్న చేతులు మనవి. పనికి మనం భయపడం. కానీ చేతికి పని తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడం ఇంకో ఎత్తు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి బండి బోనెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఎప్పుడు మార్చారో నాయనను అడగండి. గుర్తులేదంటే మెకానిక్ దగ్గరకు పిలుచుకొని పోండి.

మా తమ్ముడు మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయ్యాడు. డిగ్రీ చదివి ఉద్యోగం చేస్తున్నాడు. నన్ను ఒక్కనాడూ తప్పు పట్టలేదు. చలికాలంలో మాత్రం కుడి మణికట్టు పట్టుకొని నొక్కుకుంటూ ఉంటాడు. అది చూసినప్పుడల్లా ఆ రెండు వందల డబ్బా నాకు గుర్తుకొస్తుంది.

అభ్యాసం

1. బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ ఎందుకు మెత్తబడుతుంది?
2. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు. 150 మీటర్ల ఎత్తు నుండి దిగితే ఎన్ని జౌళ్ళ శక్తి విడుదలవుతుంది?
3. 55 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు తీసుకుంటాయి?
4. కమాను పట్టీలు పెంచితే బ్రేకు బలం పెరుగుతుందా? మీ మాటల్లో రాయండి.
5. మీ ఊరిలోని ఒక బండిని ఉదయం చూసి, నేల మీది మరకలను బట్టి దాని ఆరోగ్యం గురించి ఐదు వాక్యాలు రాయండి.